పి.పి. కమలాదేవి

యూనివర్సిటీ క్వార్టర్స్‌లో ఆ వరుస మొత్తానికి ఒకటే ఫోను ఉండేది. పరీక్షల విభాగంలో సూపరింటెండెంటుగా పనిచేసే లక్ష్మయ్య పేరు మీద అది వచ్చింది. అయినా దాన్ని లక్ష్మయ్య ఫోను అని ఎవరూ అనేవారు కాదు, కమలమ్మ ఫోను అనేవారు. లక్ష్మయ్య కూడా అలాగే అనేవాడు, కాకపోతే కాస్త గొంతు తగ్గించి.

సొంత ఫోను లేనివాళ్లు పొరుగువాళ్ల నంబరు ఇచ్చి, పక్కన పి.పి. అని రాసే రోజులవి. శుభలేఖల మీద, ఉద్యోగ దరఖాస్తుల మీద, ఆసుపత్రి చీటీల మీద కమలాదేవి ఇంటి నంబరు ఆ రెండక్షరాల తోకతో జిల్లాలు తిరిగేది. పి.పి. అంటే 'పర్టిక్యులర్ పర్సన్' అని లక్ష్మయ్య ఆఫీసు జ్ఞానం. పక్కింట్లో ఉండే కాశమ్మ, లేడీస్ హాస్టల్లో అటెండరు, ఆ మాట ఒప్పుకోలేదు.

"పీపీ అంటే పక్కింటి ఫోను సారూ. గింత సదువుకున్నరు, గది తెల్వదా?" అంది.

వరుసలో అందరికీ కాశమ్మ చెప్పిన అర్థమే నచ్చింది.

ఫోను మోగితే కమలాదేవి 'హలో' అనేది కాదు. "ఎవరు కావాలె?" అని అడిగేది. పేరు వినగానే రిసీవరు పక్కన పెట్టి, కొంగు నడుముకు దోపి, వరండాలోకి వచ్చి కేకేసేది. ఆ గొంతు వరుస చివరి ఇంటి దాకా పోయేది. ఊరికే పేరు పిలిచి ఊరుకుంటే అది కమలాదేవి పిలుపు కాదు.

"కాశమ్మా, మీ అల్లుడు, జగిత్యాల నుంచి. జర కోపం మీదున్నట్టున్నడు, నిమ్మళంగ మాట్లాడు."

అలా కాశమ్మ చెప్పులు తొడుక్కునేలోపే ఆమె అల్లుడి కోపం సంగతి వరుసంతా తెలిసిపోయేది. వచ్చినవాళ్లు మాట్లాడుతున్నంతసేపూ కమలాదేవి వంటింటి గడపలో కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరేది. ఒకరి మాటలు వినే అలవాటు ఆమెకు లేదు. చెవులు పనిచేస్తుంటే మనిషి ఏం చేయగలదు? ఏ ఇంట్లో సంబంధం కుదిరింది, ఎవరికి సప్లిమెంటరీ వచ్చింది, ఏ బావమరిది ఎక్కడ జామీను ఉండి ఇరుక్కున్నాడు, అన్నీ ఆమెకు ముందు తెలిసేవి. పండగకు పిలవడం మరిచిపోదగిన మనిషి కాదు ఆమె. ఎవరూ మరిచిపోలేదు కూడా.

తొంభై తొమ్మిదిలో లక్ష్మయ్య రిటైరయ్యాడు. క్వార్టరు ఖాళీ చేయాలి. తార్నాకలో మూడో అంతస్తులో ఒక ఫ్లాటు కొన్నారు. బీరువా మెట్ల మలుపు తిరుగుతుందా లేదా అని లక్ష్మయ్య కొలతలు తీసుకుంటుంటే, కమలాదేవికి ఒకే ఒక దిగులు పట్టుకుంది. నంబరు వస్తుందా, మారుతుందా? నంబరు మారితే ఇన్ని జిల్లాల్లో ఇన్ని కాగితాల మీద ఉన్న కమలాదేవి మాయమైపోయినట్టే కదా.

"సరెండర్ చేద్దాం తియ్యి. ఇన్నేండ్లు ఎక్స్ఛేంజి నడిపినవు. నాతోపాటు నువ్వు గూడ రిటైర్ గా," అన్నాడు లక్ష్మయ్య.

ఆ పూట ఆయన అన్నం తానే వడ్డించుకున్నాడు.

చివరికి లైన్‌మన్ మొగిలి వచ్చి తీర్పు చెప్పాడు. "అమ్మా, గీడ గాడ రెండు ఒకటే ఎక్స్ఛేంజి కిందికొస్తయి. నంబరు గదే ఉంటది, మీరు పరేషాన్ గాకుండ్రి." కమలాదేవి అతనికి చాయ్ ఇచ్చింది. తాగాక మళ్లీ ఇచ్చింది.

నంబరు తార్నాకకు వచ్చింది. కానీ వరుస రాలేదు. కొత్త అపార్ట్‌మెంట్లో ఇంటింటికీ ఫోను ఉంది. మెట్ల మీద ఎదురైన ఆడవాళ్లు మర్యాదగా నవ్వి తలుపులు వేసుకునేవారు. కమలాదేవి తమ నంబరు ఇవ్వబోతే "మాకుందండీ" అనేవారు, ఎవరో చీరల బేరం చెప్పడానికి వచ్చినట్టు. తలుపుల అవతల ఫోన్లు మోగేవి. ఎవరి ఫోను వాళ్లే ఎత్తి, ఎవరి కష్టం వాళ్లే వినేవారు. ఇంత మంది ఒక్క కప్పు కింద ఇలా ఎలా బతుకుతున్నారో ఆమెకు అర్థం కాలేదు.

అదృష్టం కొద్దీ ఫోన్లు మాత్రం పాతవాళ్లకే వస్తున్నాయి. పిలుద్దామంటే మాణికేశ్వర్ నగర్ వైపున్న క్వార్టర్స్‌కి ఆమె గొంతు కూడా అందదు. అందుకని సంగతి అడిగి తెలుసుకుని, సాయంత్రం చెప్పులు తొడుక్కుని బయల్దేరేది. చౌరస్తా దాటి, యూనివర్సిటీ గేటులోంచి చెట్ల కింద నడుచుకుంటూ పోయి, ఒక్కొక్క గడప ముందు ఆగి చెప్పి వచ్చేది. పూర్వం అవతలివాళ్ల మాటల్లో సగమే చెవిన పడేవి. ఇప్పుడు మొత్తం ఆమె ద్వారానే పోవాలి. ఆ లెక్కన హోదా పెరిగిందనే చెప్పుకోవాలి.

"డాక్టరు వాకింగ్ చెయ్యమంటే ఒక్కనాడు పోకపోతివి," అన్నాడు లక్ష్మయ్య.

"అది ఉత్తగ నడుసుడు. ఇది పని."

ఇలా ఉండగా కూతురు జ్యోతిర్మయి ఇంటర్నెట్ కావాలంది. ఆమె ఎం.సి.ఎ. చదువుతోంది. రిటైర్మెంటు డబ్బుతో తండ్రి కంప్యూటరు కొనిపెట్టాడు కాబట్టి, అడగడం మొదలుపెట్టిన పిల్ల అక్కడ ఆగలేదు. ప్రభుత్వం వాళ్ల కనెక్షనా, ప్రైవేటు కంపెనీదా అని ఇంట్లో చర్చ నడిచింది. జ్యోతిర్మయి ప్రభుత్వం వాళ్ల కౌంటరుకు వెళ్లి అడిగితే, అప్లికేషన్ ఇచ్చి పొమ్మన్నారట, పాస్‌వర్డ్ పోస్టులో వస్తుందట.

"పోస్టుల వస్తది అంటే నమ్మకమే గదా. ఎక్కడికి పోదు," అన్నాడు లక్ష్మయ్య.

"ఎక్కడికీ పోదు నాన్న. మన ఇంటికి గూడ రాదు."

ఆదివారంనాడు ప్రైవేటు కంపెనీ తరఫున సంజీవ్ అనే కుర్రాడు టై కట్టుకుని, రంగురంగుల డబ్బా ఒకటి పట్టుకుని వచ్చాడు. ఇన్ని గంటల ప్యాకేజీ, అన్ని గంటల ప్యాకేజీ అని చెప్పాడు.

"వాడకపోతే గంటలు ఏమైతయి?" లక్ష్మయ్య అడిగాడు.

"ఏడాది దాటితే ల్యాప్స్ అయితయి సార్."

"క్యాజువల్ లీవు లెక్క," అన్నాడు లక్ష్మయ్య. మొదటిసారి ఆయనకు ఇంటర్నెట్ అర్థమైంది.

సంజీవ్ ఈసారి కమలాదేవి వైపు తిరిగాడు. "మేడమ్, ఒక్కసారి కనెక్ట్ అయిందంటే ప్రపంచం మొత్తం మీ ఇంటికొస్తది."

కమలాదేవి చేతిలో పని ఆపింది. "ఫోను లైను మీదనేనా వచ్చుడు?"

"మీ లైను మీదనే మేడమ్."

"అంటే మా నంబరుకే?"

కంపెనీ ఇచ్చిన ట్రైనింగులో ఈ ప్రశ్న లేదు. సంజీవ్ టై సర్దుకుని, "ఒకరకంగ అంతే మేడమ్," అన్నాడు.

"ఈ బిల్డింగుల ఇంకెవరన్న తీస్కున్నరా?"

"లేదు మేడమ్. మీరే ఫస్టు."

అంతటితో ప్రభుత్వ పక్షం ఓడిపోయింది. "ఒక్కటి చెప్పాలె మేడమ్, నెట్ నడుస్తున్నంతసేపు మీ ఫోను..." అని సంజీవ్ ఏదో అనబోతుంటే జ్యోతిర్మయి గభాలున మంచినీళ్ల గ్లాసు అతని చేతికిచ్చింది. నీళ్లు తాగి లేచేసరికి అతనా సంగతి మరిచిపోయాడు. జ్యోతిర్మయి గుర్తు చేయలేదు.

మొదటిరోజు మోడెం కీచుమంటుంటే కమలాదేవి వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. "ఎవరే గట్ల ఏడుస్తున్నరు లైన్ల?"

"ఎవరూ ఏడుస్తలేరమ్మా. కనెక్ట్ అయితున్నది."

ఆ సాయంత్రం నుంచి ప్రపంచం తార్నాకకు వచ్చింది. చీకటి పడగానే వచ్చి, అన్నాల వేళ దాటాక పోయేది. ఎస్టీడీ రేటు తగ్గే ఆ వేళలోనే ఊళ్ల నుంచి ఫోన్లు వచ్చేవి. ఇప్పుడు ఆ వేళలో ఫోను మోగడం మానేసింది. ఇది ఎండాకాలం కాబట్టి అందరూ ఊళ్లకు పోయి ఉంటారని, పెళ్లిళ్ల హడావిడిలో ఉంటారని కమలాదేవి రోజుకో కారణం వెతుక్కుంది. మోగకపోయినా నడక మానలేదు. వెళ్లి "ఏం ఫోన్లు రాలేదు" అని గడప గడపకూ చెప్పి వచ్చేది.

ఒక మధ్యాహ్నం కాశమ్మ తార్నాకకు వచ్చింది. చేతిలో మిఠాయి పొట్లం. మెట్లెక్కి వచ్చిన ఆయాసంలోనే నవ్వుతూ, "అక్కా, మనుమడు పుట్టిండు. మా అమల కాన్పయింది," అంది.

కమలాదేవి పొట్లం అందుకుంది. కానీ ముఖంలో నవ్వు రాలేదు. కాశమ్మ ఇంటి శుభవార్త కాశమ్మ నోటి వెంట వినాల్సి రావడం ఆమెకు ఇదే మొదలు.

"మరి అల్లుడు ఫోను చెయ్యలేదా?"

"చేసిండక్కా. నొప్పులొచ్చినప్పటి సంది చేస్తనే ఉన్నడట. దవాఖానకు ఉరికేదాక ఎంతసేపు చేసినా ఎంగేజేనట. మీ అక్క ఎవరితోని గంత ముచ్చట పెడుతున్నదని అడిగిండు. తెల్లారి మావోళ్లల్ల ఒకాయన బస్సుల వస్తుంటే చెప్పి పంపిండు."

లోపలి గది గుమ్మంలో నిలబడ్డ జ్యోతిర్మయి గుమ్మానికి ఉన్న పెచ్చు ఒకటి గిల్లడం మొదలుపెట్టింది. కమలాదేవికి మొత్తం అర్థమైంది. ఎండాకాలమూ కాదు, పెళ్లిళ్లూ కాదు, నెట్ నడుస్తున్నంతసేపూ లైను ఎంగేజే.

"ఏమన్న ఉంటే నువ్వొచ్చి చెప్తవని నేను రాత్రంత నిమ్మళంగ పండుకున్నక్కా. తెల్లారి కాన్పయిపోయిందని తెలిసి ఆగమాగమైన." కాశమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. "నిన్నేమంటలేను. పిల్ల సదువుకుంటున్నది. మా హాస్టల్ గేటు కాడ ఎస్టీడీ బూతు పెట్టిన్రు గదా, నేను ఆ నంబరే రాసిచ్చిన. అందరం గదే ఇస్తున్నం. పీపీ అంటే పక్కిల్లుండాలె. నువ్విప్పుడు పక్కింట్ల లేవు గదక్కా."

ఇందులో తిట్టు ఒక్కటీ లేదు. తిట్టి ఉంటే కమలాదేవికి బదులు చెప్పడం వచ్చు. చాయ్ పెట్టి ఇచ్చింది. పసివాడి బరువు అడిగింది. కాశమ్మ వెళ్లాక తలుపు వేసింది, ఆ అపార్ట్‌మెంట్లో అందరూ వేసినట్టే.

చీకటి పడగానే జ్యోతిర్మయి కంప్యూటరు ముందు కూర్చోబోతే తల్లి వచ్చి వైరు పీకింది.

"పొద్దుగూకినంక ఇది బంద్. అన్నాలు తిన్నంక ఎంతసేపన్న వెట్టుకో."

"అమ్మా, నా ప్రాజెక్టు?"

"కాశమ్మ బిడ్డ కాన్పు గూడ ప్రాజెక్టే."

"అది అయిపోయింది గదమ్మా. ఇప్పుడు వాళ్లందరు బూతు నంబరిచ్చిన్రు. ఇప్పుడు గా టైముల నీకెవరు చేస్తరు?"

అన్నాక ఆ పిల్లే నాలుక కరుచుకుంది. లక్ష్మయ్య పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. కమలాదేవి వైరు చుట్ట చుట్టి చేతిలోనే పట్టుకుని వంటింట్లోకి పోయింది.

ఆ తర్వాత సాయంకాలాలన్నీ లైను ఖాళీగా ఉంది. ఇంత ఖాళీ లైను హైదరాబాదులో మరెక్కడా ఉండి ఉండదు. కమలాదేవి మధ్యమధ్య రిసీవరు ఎత్తి చెవి దగ్గర పెట్టుకుని చూసేది. డయల్ టోను నిక్షేపంలా ఉండేది. ఒకరోజు మోగింది. గ్యాసు ఏజెన్సీ అనుకుని ఎవరో చేశారు. రాంగ్ నంబరని చెప్పి పెట్టేయకుండా, సిలిండరు ఎప్పుడు అయిపోయింది, ఇంట్లో ఎంతమంది, కిరోసిన్ స్టవ్ ఉందా లేదా అన్నీ కనుక్కుని, మౌలాలి దగ్గర ఇంకో ఏజెన్సీలో అడిగి చూడమని సలహా కూడా ఇచ్చింది. ఆ మనిషి థాంక్స్ చెప్పాడు. ఆమె ఆ సంగతి భోజనాల దగ్గర పూసగుచ్చినట్టు చెప్పింది. తండ్రీ కూతురూ ఒకరినొకరు చూసుకోకుండా విన్నారు.

మర్నాడు టీవీలో వార్తలు వస్తుండగా ఫోను మోగింది.

"ఎవరు కావాలె?" అంది కమలాదేవి.

"అక్కా, నేను కాశమ్మను. బూతు కాడికెళ్లి మాట్లాడుతున్న."

"ఆఁ చెప్పు కాశమ్మా. ఎవరికి చెప్పాలె?"

అవతల కాశమ్మ నవ్వింది. "ఎవరికి చెప్పేది లేదు. నీకే చేసిన."

కమలాదేవి రిసీవరు చెవి నుంచి తీసి ఒకసారి చూసి, మళ్లీ పెట్టుకుంది. "నాకా? ఏమైంది? ఎవరికన్న పాణం బాగలేదా?"

"అందరు మంచిగనే ఉన్నరు. ఊకెనే చేసిన. నీ పాత ఇంట్లకొచ్చినోళ్లున్నరు సూడు, ఆ ఆడమనిషికి గొంతే లేదక్కా. ఇంట్ల మనుషులున్నరో లేరో గూడ తెల్వది. వరుసంత సప్పుడు లేకుంటయింది. పొద్దు పోతలేదు నాకు."

కమలాదేవి ఇన్నేళ్లలో ఈ ఫోనులో ఎన్ని వందల మాటలు అటువి ఇటు, ఇటువి అటు చేరవేసిందో లెక్కలేదు. తన పేరడిగి ఒక్కరూ చేయలేదన్న సంగతి ఇప్పటిదాకా తట్టలేదు. తట్టేంత తీరిక ఉంటే కదా. అంతెందుకు, ఫోను పక్కన ఆమెకు కూర్చునే కుర్చీ కూడా లేదు.

"అక్కా, ఉన్నవా? మీటరు తిరుగుతున్నది. ఏమన్న మాట్లాడు."

"ఉన్ననే." గోడకు ఆనుకుని కింద కూర్చుంది. "పిల్లగాడు ఎట్లున్నడు?"

"వాని ముచ్చట మొన్న జెప్పిన గద. నీ ముచ్చట చెప్పు."

జ్యోతిర్మయి గదిలోంచి వచ్చి గడియారం వైపు చూసింది. అన్నాల వేళ దాటింది, ఒప్పందం ప్రకారం ఇక లైను తనది. తల్లి చేత్తో ఆగమని సైగ చేసింది. లక్ష్మయ్య లేచి టీవీ గొంతు తగ్గించాడు.

కమలాదేవి రిసీవరు నోటికి దగ్గరగా పెట్టుకుంది. తర్వాత, ఎవరో వింటారేమోనన్నట్టు, జీవితంలో మొదటిసారి ఫోనులో గొంతు తగ్గించింది.

"ఏం జెప్పాలె కాశమ్మా. గీ మూడంతస్తుల మెట్లు ఎక్కుడు దిగుడుతోని మోకాళ్లు గుంజుతున్నయే. నెల దాటింది. ఇంట్ల ఎవరికి చెప్పలే."

జ్యోతిర్మయి నిలబడ్డ చోటే నిలబడింది. ఆ సంగతి ఆమెకు ఇప్పుడే తెలిసింది.