ఎడమచేతి గాలం

చెయ్యి పోలేదు. ముందు ఆ సంగతి చెప్పాలి. నా స్నేహితురాలికి ఎడమ రొమ్ముకి ఆపరేషన్ అయింది, చంకలో గ్రంథులు తీశారు, చెయ్యి మాత్రం శుభ్రంగా భుజానికే ఉంది. కానీ వాళ్ళింట్లో అందరూ ఆ చేతికి దినకర్మలు చేసేసినట్టే మాట్లాడేవాళ్ళు. బిందె ఎత్తొద్దు, చపాతీ వత్తొద్దు, బట్టలు ఆరెయ్యొద్దు. పైగా ఆమెది పుట్టుకతో ఎడమచేతి వాటం. చిన్నప్పుడు బళ్ళో పంతులమ్మ స్కేలుతో వేళ్ళ మీద కొట్టినా మార్చుకోని మనిషి. "కుడి చెయ్యి ఉంది కదమ్మా, దాంతో కానిచ్చెయ్" అని బంధువులొచ్చి సలహా చెప్పి, కాఫీ తాగి వెళ్ళేవాళ్ళు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అని ఊరికే అన్నారా? నాకు ఒళ్ళు మండిపోయేది.

మేమిద్దరం ఒకే ఆసుపత్రిలో నర్సులం. నేను బాపట్ల వైపు నుంచి ఉద్యోగానికొచ్చి ఈ బెంగళూరులో పాతుకుపోయినదాన్ని. ఆమెవాళ్ళూ తెలుగువాళ్ళే, కానీ తాతల కాలం నుంచీ ఇక్కడి యలహంక పాత ఊళ్ళోనే. "ఈ పొద్దు ఎండ జాస్తిగా ఉండాది" అంటుంది. నన్ను కూడా "అప్పా" అంటుంది. ఆడదాన్ని పట్టుకుని అప్పా ఏమిటే అంటే, మా ఊర్లో అట్లే, ఇష్టముంటే పలుకు లేకుంటే పో అనేది. గాలం వెయ్యడం ఆమెకి వాళ్ళ నాన్న నేర్పాడు, నాకు ఆమె నేర్పింది. సముద్రం పక్కన పుట్టి చేపని కంచంలో తప్ప చూడని దాన్నని నా గురించి వార్డంతా చెప్పి అందర్నీ నవ్వించింది. పదేళ్ళ పైమాటే, సెలవు దొరికితే చాలు, ఇద్దరం ఏదో ఒక చెరువు కట్ట మీద తేలేవాళ్ళం.

డాక్టరమ్మ చెప్పినప్పుడు నేనూ పక్కనే ఉన్నాను. ఆ చేతికి సూది గుచ్చకూడదు, బీపీ పట్టీ కట్టకూడదు, గాయం కానివ్వకూడదు, వాపు కనిపిస్తే వెంటనే రావాలి. ఆ తర్వాత ఇంకో మాట కూడా చెప్పింది: మెల్లమెల్లగా వాడుతూ పెంచుకుంటూ పోవాలి, వాడకపోతే భుజం బిగుసుకుపోతుంది అని. ఇంటివాళ్ళు మొదటి సగం మోసుకొచ్చారు, రెండో సగం ఆసుపత్రి మెట్ల మీదే వదిలేశారు.

వాళ్ళాయన చెడ్డవాడైతే నాకు ఏ ఇబ్బందీ లేదు, నాలుగు కడిగేసి వచ్చేదాన్ని. బంగారంలాంటి మనిషి. నిద్రలో లేచి ఆ చెయ్యి కింద దిండు సర్దేవాడు. గాలం కర్ర అటకెక్కించి, ఈమె ఎక్కి తీసుకుంటుందేమోనని నిచ్చెన పక్కింటివాళ్ళకి ఇచ్చేశాడు. మళ్ళీ డ్యూటీలో చేరతానంటే కళ్ళనీళ్ళు పెట్టుకునేవాడు. కొట్టే మొగుడితో పోట్లాడొచ్చు గానీ ఏడ్చే మొగుడితో ఎట్లా పోట్లాడతాం? ఇంట్లో అందరూ కలిసి రాజీనామా రాయించే దాకా తీసుకొచ్చారు.

అప్పుడు ఆమె తెగించింది. శనివారం చెరువుకి పోదామంది. వాళ్ళాయన ముందూ నా ముందూ ఒకటే మాట చెప్పింది. "ఈ చేత్తోనే గాలమేస్తా, ఈ చేత్తోనే కొరమీను లాగుతా. చెయ్యి మొరాయిస్తే మీరు చెప్పినట్టే ఉద్యోగం మాని ఇంట్లో కూచుంటా. మొరాయించకపోతే ఇంక ఎవరూ నోరెత్తకూడదు." ఆయన ఒప్పుకున్నాడు. ఓడిపోతుందన్న ధీమాతోనే ఒప్పుకున్నాడని నా గట్టి నమ్మకం. నిచ్చెన అడిగి తెచ్చి, కర్ర దించి, తనే కారు తీశాడు.

యలహంక దాటాక పొలాల మధ్య ఉంటుంది ఆ చెరువు. గుత్తకి తీసుకున్నాయన మాకు తెలిసినవాడే, కట్ట మీద ఎవరూ అడగరు. తెల్లవారి మంచు ఇంకా నీళ్ళ మీదే ఉంది. ఆమె చేతికి వాపు రాకుండా బిగుతు తొడుగు, దాని మీద పొడుగు చేతుల చొక్కా, గాలం గీసుకోకుండా తోటపని గ్లవుజు. అవన్నీ నేనే దగ్గరుండి తొడిగాను. మొండితనం వేరు, మూర్ఖత్వం వేరు.

కొరమీనుకి రబ్బరు కప్పని విసరాలి. గుర్రపుడెక్క ఆకుల మీద పడేసి, నిజం కప్ప గెంతినట్టు కొంచెం కొంచెంగా లాక్కోవాలి. మొదటిసారి విసిరినప్పుడు ఆమె భుజం సగమే లేచింది. కప్ప మా కాళ్ళ ముందే బురదలో పడింది. వాళ్ళాయన అటు తిరిగి నిలబడ్డాడు. రెండోసారి కాస్త నయం. ఆ తర్వాత ఎన్నిసార్లు విసిరిందో! విసిరినప్పుడల్లా పళ్ళు బిగించేది, నొప్పా అని అడిగితే నీ పని నువ్వు చూసుకో అనేది. నేను నా గాలం వెయ్యడం ఎప్పుడో మానేశాను. కళ్ళన్నీ ఆ చేతి మీదే.

ఎండ ఎక్కుతుండగా ఆకుల కింద నీళ్ళు ఉబ్బి కప్ప మాయమైంది. కొత్తవాళ్ళయితే అక్కడే లాగి పోగొట్టుకుంటారు. అది నోట్లో సరిగ్గా ఇరికించుకునే దాకా ఊపిరి బిగబట్టి ఆగాలి. ఆమె ఆగింది. ఆగి, ఒక్క గుంజు గుంజింది. కర్ర విల్లులా వంగిపోయింది.

ఆడదాని గాలానికి చేప పడితే కట్ట మీదున్న మగాళ్ళందరూ అన్నదమ్ములైపోయి కర్ర కోసం చేతులు చాస్తారు, అది నేను చాలా చెరువుల్లో చూశాను. ఆ పొద్దున ఉన్నది ఒక్క మొగుడే. పరిగెత్తుకొచ్చి "ఇటియ్యి, ఇటియ్యి" అన్నాడు. నేను అడ్డం నిలబడ్డాను. అన్నయ్యా, మాటంటే మాటే, ముట్టుకుంటే ఊరుకోనని గట్టిగానే చెప్పాను. చేప ఆకుల్లోకి దూరింది. ఆమె చెయ్యి మోచేతి దగ్గర్నుంచి వణకడం మొదలుపెట్టింది. నొసటి మీద చెమట. నేను ఎప్పుడు కదిలానో నాకే తెలియలేదు, నా అరచెయ్యి ఆమె మోచేతి కింద ఉంది. ఆపరేషనైన మనిషిని మంచం మీంచి లేపి నడిపించేటప్పుడు ఎట్లా పట్టుకుంటామో అచ్చం అట్లా. నర్సు చెయ్యి కదా, చెప్పకుండానే పోతుంది.

ఆమె నీళ్ళ మీంచి చూపు తిప్పలేదు. గొంతు కూడా పెంచలేదు.

"చెయ్యి తియ్యప్పా. నువ్వు కూడా ఆయన మాదిరే చేస్తే నేనెవరితో చెప్పుకోవాల?"

తీసేశాను. సిగ్గుతో చచ్చిపోయాను. రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, బళ్ళో శిక్ష పడిన పిల్లలా నిలబడ్డాను. పక్కన వాళ్ళాయనా అట్లాగే. ఆమె ఒక్కతే లాగింది. కర్ర పైకెత్తడం, దించుతూ రీలు తిప్పడం, మళ్ళీ ఎత్తడం. ఎత్తినప్పుడల్లా ఆ భుజం ఇందాకటి కంటే ఇంకాస్త పైకి పోయింది. చేప ఆకుల్ని చీల్చుకుని బయటపడింది. నల్లటి వీపు, బెత్తెడు వెడల్పు తల, కట్ట దగ్గరి దాకా వచ్చేసింది. ఇంకొక్క గుంజు చాలు. అక్కడ ఒళ్ళు విదిల్చి అడుగుకి దూకింది. టప్పుమని దారం తెగింది.

నాకు ఏడుపొచ్చేసింది, దాచుకోలేదు. వాళ్ళాయన దగ్గరికొచ్చాడు, ఎంతో మెత్తగా, పోనీలే, నీ చేతనైనంత చేసినావు, ఇంక ఇంటికి పోదాం అన్నాడు. ఆ మెత్తదనం చూసి నాకు భయమేసింది. ఇంతకాలం ఆమెని ఇంట్లో కూచోబెట్టింది ఆ మెత్తదనమే.

ఆమె కర్ర కింద పెట్టింది. గ్లవుజు ఊడదీసింది. ఎడమ చెయ్యి మెల్లగా ఎత్తింది, భుజం దాటించి, తల దాటించి, నిటారుగా ఆకాశానికి. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆ చెయ్యి అంత ఎత్తుకి పోవడం నేను చూడలేదు, ఆయనా చూడలేదు.

"తెగింది దారం," అంది ఆయనతో. "చెయ్యి గట్టిగా ఉండాది."

ఆమె ఆ చెయ్యి దించి, ఆయన ముందుకే చాపింది.

"ఇంకో కప్ప ఇయ్యి."

ఆయన డబ్బా మూత తీశాడు.