బెంచీ చివరి పిల్ల

స్కానింగ్ గది ఎప్పుడూ చీకటిగానే ఉంటుంది. మొన్న చర్ల దిక్కు నుంచి వచ్చిన ఒక అమ్మాయి బల్ల మీద పడుకుంది. పొట్ట మీద చల్లని జెల్ రాసి యంత్రం ఆనించగానే తెర మీద బూడిదరంగు చుక్కలు కదిలాయి. ఆమె తల తిప్పి చూసి, "మేడం, ఏమన్న కనవడ్తుందా?" అని మెల్లగా అడిగింది. ఖమ్మంలో డాక్టరుగా ఇన్నేళ్ళుగా రోజూ వింటున్న ప్రశ్నే. అయినా ఆ యాసలో, ఆ భయంతో వినేసరికి నా చేయి ఆగిపోయింది. చుక్కల్లో బిడ్డను వెతుక్కునే తల్లిని నేను మొదట చూసింది ఈ గదిలో కాదు. నాకు పదేళ్ళప్పుడు, చర్ల దగ్గర గోదావరికీ అడవికీ నడుమ ఉన్న మా ఊళ్ళో, టీవీ ముందు చూశాను. ఆమె బీబమ్మ. చూసింది చూసినట్లు చెప్పడం నాకు నేర్పింది ఆమే. ఈ ఉద్యోగంలో నేను తినే తిండి ఆ మాట పుణ్యమే.

బీబమ్మది మా ఎదురిల్లు. భర్త ఖాసిం చాచాకు కిరాణా కొట్టు ఉండేది. మా నాన్న ఊరి బడిలో పంతులు. అప్పటికి ఊరి మొత్తానికీ టీవీ ఉన్నది వాళ్ళ వసారాలోనే. ఆదివారం సాయంత్రం పిల్లల కార్యక్రమం వచ్చేది. చాచా వాకిట్లో నీళ్ళు చల్లి గోనెసంచులు పరిచేవాడు. బీబమ్మ మరమరాలు పంచేది. తెర మీద ఒక అక్కయ్య కథ చెప్పేది, గుడ్డబొమ్మలు పోట్లాడుకునేవి, పట్నం పిల్లలు బెంచీ మీద వరసగా కూర్చుని చప్పట్లు కొట్టేవారు. ఇస్త్రీ బట్టలు, తెల్లటి మేజోళ్ళు! ముక్కు కారని పిల్లలు కూడా ఉంటారని మాకు అక్కడే తెలిసింది. ఇప్పటి పిల్లలకు చెబితే నవ్వుతారు గానీ, ఆ కాస్సేపటి కోసం వారమంతా కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూసేవాళ్ళం.

బొమ్మ మాత్రం ఏనాడూ సరిగా రాలేదు. సిగ్నల్ గుట్టలకు తగిలి తిరిగి వచ్చేదట. దాంతో తెర మీద ప్రతి మనిషి పక్కనా పలచగా ఇంకో మనిషి కనిపించేది. వెదురుగడకు కట్టిన యాంటెన్నాను ఎటు తిప్పినా అంతే. దాన్ని మేము 'జోడు' అనేవాళ్ళం. అక్కయ్యకో జోడు, గుడ్డబొమ్మకో జోడు. జోడు లేని టీవీ ఉంటుందని మాకు తెలియదు. బీబమ్మ కూతురు జరీనా నా ఈడుదే. జడ కొస నోట్లో పెట్టుకుని నములుతూ నా పక్కనే కూర్చునేది. "మనకు గూడ జోడు ఉంటదా, సుజాతా?" అని ఒకసారి అడిగింది. "ఉంటే నీ మరమరాలు ముందు అదే బుక్కుతది" అన్నాను. కొట్టుకునేదాకా నవ్వుకున్నాం.

ఆ ఏడు వానాకాలంలో జరీనా వరద చూడడానికి ఒడ్డుకు పోయింది. చెప్పులు దొరికాయి. పిల్ల దొరకలేదు. పడవలవాళ్ళు పర్ణశాల దాకా వెతికి చేతులు ఊపుకుంటూ వచ్చారు. చాచా పోయినవాళ్ళకు చదివే ఫాతిహా చదివిద్దామన్నాడు. బీబమ్మ ఒప్పుకోలేదు. "మయ్యత్ కనవడకుంట, పీనుగ దొరకకుంట నా బిడ్డ పోయిందని ఎట్ల చదువుతరు? మీ నోరెట్ల వస్తది?" అని వచ్చిన పెద్దలను గుమ్మంలోంచే పంపించేసింది. రోజూ కూతురికి కూడా కంచం పెట్టేది. తాను మాత్రం ఒకటి రెండు ముద్దలకు మించి ముట్టేది కాదు.

చాలా వారాలు టీవీ మీద గుడ్డ కప్పే ఉంది. ఒక ఆదివారం ఆమే ఆ గుడ్డ తీసి మమ్మల్ని పిలిచింది. బితుకుబితుకుమంటూ కూర్చున్నాం. కార్యక్రమం సగంలో ఉండగా గుమ్మంలో నిలబడి, "ఆ బెంచీ చివర చూడుండ్రి" అంది. చూశాం. చివరి పిల్లవాడి పక్కన వాడి జోడు ఉంది. దాని పక్కన ఇంకొకటి ఉంది. దానికి మనిషి లేదు. పిల్లలందరూ చప్పట్లు కొడితే వాళ్ళ జోళ్ళూ కొట్టాయి. అది మాత్రం కొట్టలేదు. దాని చేయి నోటి దగ్గర ఉంది.

మరమరాల ఆశకొద్దీ కొందరు "అవ్, జరీనానే" అన్నారు. కొందరు లేచి ఉరికారు. తరువాతి వారానికి గోనెసంచుల మీద నేనొక్కదాన్నే మిగిలాను. "ఆ ఇంటి గడప తొక్కితే కాళ్ళిరగ్గొడ్త" అని అమ్మ బెదిరించింది. అయినా పోయాను. నాకు భయం వేయలేదని కాదు, జరీనా మీద బెంగ అంతకన్నా ఎక్కువగా ఉంది.

బీబమ్మ నన్ను తెరకు దగ్గరగా కూర్చోబెట్టుకుంది. "నన్ను ఖుష్ చేసేతందుకు చెప్పకు. భయపడి చెప్పకు. చూసింది చూసినట్లు చెప్పు, బేటీ."

"సరే."

"ముఖం కనవడ్తుందా?"

"లేదు."

"జడ?"

"ఉన్నది. నోట్ల పెట్టుకున్నది."

"గౌను?"

"తడిసినట్టున్నది, బీబమ్మా."

ఆమె ఒక్కో జవాబూ దాహం వేసినవాళ్ళు నీళ్ళు తాగినట్లు వినేది. ఒక ఆదివారం తెర నిండా చుక్కలే. నేను చాలాసేపు కళ్ళు చించుకుని చూసి, "ఇయ్యాల కనవడ్తలేదు" అన్నాను. తిడుతుందనుకున్నాను. తల నిమిరి, బెల్లంముక్క చేతిలో పెట్టింది. లేదని చెప్పినా మనుషులు మనల్ని ప్రేమించడం మానరని నాకు తెలిసింది ఆ పూటే. ఎవరి బిడ్డ గుండె ఆగిందని నేను చెప్పవలసి వచ్చినా, ఆ బెల్లంముక్క తిన్న ధైర్యంతోనే చెబుతాను.

కానీ బీబమ్మ ఎముకల గూడైపోయింది. ఆదివారం కోసమే ఊపిరి పీల్చేది, మిగతా రోజులు గోడకు ఆనుకుని కూర్చునేది. ఆ సమయంలోనే కొత్తగూడెంలో టీవీ టవరు వేశారు. చాచా కొత్త యాంటెన్నా తెచ్చి, నా ఎదుటే ఆమెతో అన్నాడు: "దీన్ని కొత్తగూడెం దిక్కు తిప్పుత. బొమ్మ సాఫ్‌గ వస్తది. అండ్ల బిడ్డ కనవడితే నేను జిందగీల ఫాతిహా మాట ఎత్తను. కనవడకుంటే చదివిద్దాం. నువ్వన్న బతకాలె."

బీబమ్మ, "సుజాత చెప్పాలె. మనిద్దరి కండ్లను నమ్మేటట్టు లేదు" అంది. పదేళ్ళ పిల్ల నెత్తిన అంత బరువు పెట్టవచ్చా అని ఇప్పుడు కోపం వస్తుంది. అప్పుడు మాత్రం "సరే" అన్నాను.

ఆ ఆదివారం చాచా ఇంటిపైకెక్కి గడ తిప్పాడు. తెరలోని హోరు ఒక్కసారిగా ఆగిపోయింది. బొమ్మ కడిగినట్లు వచ్చింది. జోళ్ళన్నీ పోయాయి. అక్కయ్య ఒక్కతే నిలబడి ఉంది. బెంచీ మీద పిల్లలు ఎవరికి వారే కూర్చున్నారు. చివరన జరీనా కూర్చుని ఉంది.

అది నీడ కాదు. మిగతా పిల్లలెంత స్పష్టంగా ఉన్నారో అదీ అంతే స్పష్టంగా ఉంది. జుట్టులోంచి, గౌను అంచులోంచి నీళ్ళు కారుతున్నాయి. జడ కొసను నోట్లోంచి తీసి, మా వైపే సూటిగా చూసి, తల అడ్డంగా ఊపింది. పైనుంచి చాచా, "ఉన్నదా?" అని అరిచాడు. నా వెనక బీబమ్మ ఊపిరి వినిపించడం మానేసింది. జరీనా ఇంకోసారి, మెల్లగా, తల అడ్డంగా ఊపింది.

"లేదు" అన్నాను.

బీబమ్మ లేచి టీవీ కట్టేసింది. ఏడవలేదు. కిందికి దిగిన చాచాతో, "మౌల్వీ సాబ్‌ను పిలువు" అంది. ఫాతిహా అయ్యాక చాచా అన్నం కలిపి పెడితే తిన్నది. ఆ రోజు నుంచి మెల్లగా మనిషైంది.

మరుసటి ఎండాకాలం వాళ్ళు కొట్టు ఎత్తేసి ఖమ్మం వెళ్ళిపోయారు. సామాను బస్సు పైకి ఎక్కిస్తుండగా బీబమ్మ నన్ను పక్కకు తీసుకుపోయింది.

"ఆనాడు అబద్ధం ఆడినవ్."

నేను బస్సు మీది సామాను వైపు తల తిప్పాను.

"నేను గూడ చూసిన, బేటీ. తల ఊపింది."

"మరి నువ్వెందుకు చెప్పలే?"

"నేను చూసినన్ని దినాలు అది ఆ తడిబట్టలతోనే కూసుంటది. ఇగ సూడకుండ్రి అన్నది. బిడ్డ మాట ఇనాలె గద." నా గడ్డం పట్టుకుంది. "నువ్వు గూడ ఇన్నవ్. మంచిగ చేసినవ్. ఎవ్వలకు చెప్పకు."

చెప్పలేదు. అమ్మకు చెప్పలేదు, కట్టుకున్నవాడికి చెప్పలేదు. పోయిన నెల బీబమ్మ కన్నుమూసింది. జనాజా వెళ్ళేదాకా ఇక్కడ ఖమ్మంలో వాళ్ళ గుమ్మం బయటే నిలబడ్డాను. ఇక దాచవలసిన అవసరం ఎవరికీ లేదనిపించి ఇది రాయడానికి కూర్చున్నాను. ఆమె నేర్పినట్లే, చూసింది చూసినట్లు రాశాను. రాస్తున్నంతసేపూ నా కళ్ళ ముందు జరీనా తల అడ్డంగా ఊపుతూనే ఉంది.