సిరీష తీయనన్న రోజు

బాన్సువాడలో ఉండే లక్ష్మీకుమారి ఒకప్పుడు రికార్డింగ్ డ్యాన్సర్. క్యాసెట్ పాటకు అడుగులు వేస్తూ, జనం ఈలలు పెరిగేకొద్దీ ఒంటి మీది బట్టలు ఒక్కొక్కటే తీయడం అప్పట్లో ఆమె పని. ఇప్పుడు కూతురు సిరీష స్టేజీ ఎక్కుతోంది. క్యాసెట్లు పోయి డీజే వచ్చింది. గుండెలదిరే ఆ మోతలో పాట మాటలు లక్ష్మీకుమారికి అర్థం కావు. సిరీష వేసే స్టెప్పులూ ఆమెకు కొత్తే.

మొన్న వేసవిలో వర్ని దగ్గర ఒక ఊళ్లో జాతరకు కూతురి వెంట వెళ్లింది. ఆట మొదలవకముందే నిర్వాహకుడు వచ్చి సిరీషను ఎగాదిగా చూశాడు.

"గీ నిండు డ్రెస్ ఏంది? చిన్నది వేస్కో. పాట నడుమ అది గూడ తీయాలె."

"తియ్యనన్నా. ఆట చూస్తే చూడుండ్రి," అంది సిరీష.

"గా జమానాల మీ అమ్మ తియ్యలేదా?"

లక్ష్మీకుమారి ముందుకొచ్చింది.

"తీసిన. ఇంటికి పోయినంక అన్నం తినబుద్ధి కాకపోతుండె. వద్దనే ధైర్యం నాకు లేకుండె. నా బిడ్డకుంది."

సిరీష బ్యాగు భుజాన వేసుకుంది. ఆమెతో ఆడటానికి వచ్చిన ఇద్దరు డ్యాన్సర్లూ లేచి ఆమె పక్కన నిలబడ్డారు. బయట జనం అప్పటికే నిండిపోయారు. ఆట ఆగితే గొడవేనని నిర్వాహకుడు గొణుక్కుంటూ తప్పుకున్నాడు.

సిరీష ఆ డ్రెస్‌లోనే ఆడింది. ముందు వరుసలో కొందరు కేకలు వేసి, విసుగొచ్చి వెళ్లిపోయారు. మిగిలినవాళ్లు చివరిదాకా చూశారు.

"ఇగ ప్రతి ఆటకు నీ ఎంట నేనొస్త," అంది లక్ష్మీకుమారి, కూతురు స్టేజీ దిగగానే. ఇప్పటిదాకా ఒక్క ఆటకూ వెళ్లడం మానలేదు.