పొలమారినప్పుడు తట్టిన చెయ్యి

దయ్యాల సంగతి ఎత్తితే మా కాలేజీలో నా ముందు ఎవరూ ఎక్కువసేపు మాట్లాడరు. నేను నరసరావుపేటలో జువాలజీ లెక్చరర్‌ని. ఏళ్ళ తరబడి పిల్లలకు గుండెలో గదులు, ఊపిరితిత్తుల పనితీరు చెబుతున్నాను. ఎన్నో కప్పలను కోసి చూపించాను. ఒక్కదాంట్లోనూ ఆత్మ కనిపించలేదు. ఫలానా ఇంట్లో రాత్రిపూట ఎవరో తిరుగుతున్నారని ఎవరైనా చెబితే, అద్దె తగ్గించుకోవడానికి బాగానే ఉందిలే ఉపాయం అనేదాన్ని.

ఇప్పుడు నేను రాస్తున్నది కూడా దయ్యం అనడం లేదు. ఏమనాలో తెలియకే రాస్తున్నాను.

ముందు మా అన్నయ్య గురించి చెప్పాలి. పేరు కోటేశ్వరరావు. గురజాల దగ్గర మా ఊళ్ళోనే ఉండి మిరప, పత్తి పండిస్తాడు. నాన్న చివరిదాకా ఆయన దగ్గరే ఉన్నాడు. నాన్న పోయారని కబురు అంది నేను ఊరు చేరేసరికి, శ్మశానం నుంచి మనుషులు స్నానాలకు తిరిగి వస్తున్నారు. కడసారి ముఖం కూడా చూడలేదు. నరసరావుపేట ఏమీ సముద్రాల అవతల లేదు, పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నం లోపు వచ్చేస్తాం. అడిగితే ఫోను కలవలేదన్నాడు. నాది కలవలేదు సరే, మా ఆయనది కలవలేదా, కాలేజీది కలవలేదా?

అందరి ముందూ ఒకటే ప్రశ్న అడిగాను. మంచంలో ఉన్నన్నాళ్ళూ నాన్న నన్ను అడిగాడా, లేదా?

"అడగలా" అన్నాడు.

ఆ ఒక్క మాట చాలింది. ఇక ఈ ఇంట్లో పచ్చి మంచినీళ్ళు ముట్టనని చెప్పి వచ్చేశాను. మా వైపు ఆ మాట ఊరికే అనరు. అన్నాక తిరగడం కూడా ఉండదు.

ఏడాది తిరిగొచ్చింది. సంవత్సరీకానికి పది రోజులుందనగా అన్నయ్య ఫోను చేశాడు, రమ్మని. ప్రేమ పుట్టుకొచ్చి కాదు. ఆయనకు సర్పంచి కావాలని ఉంది. సొంత చెల్లెలి కోసం కూడా ఆగకుండా తండ్రి శవాన్ని ఎత్తేశాడని ఎదుటి పార్టీ వాళ్ళు ఊరంతా చెప్పుకుంటున్నారు. నేను వెళ్ళి పందిట్లో కూర్చుంటే ఆ నోళ్ళు మూతపడతాయి. నా ప్రశ్నకు నిజం చెబితే వస్తానన్నాను. ఎదురుగా కూర్చుని చెప్పాలన్నాను.

ఎక్కడ కూర్చోవాలి? నా గడప ఆయన తొక్కడు, ఆయన ఇంట్లో నేను ముట్టను. పేటలో ఏ మెస్సుకు వెళ్ళినా మా ఊరివాడు ఒకడు పప్పు కలుపుకుంటూ కనిపిస్తాడు. చివరికి అన్నయ్య కూతురే ఒక చోటు చెప్పింది. చిలకలూరిపేట రోడ్డులో ఒక పాత పత్తి వ్యాపారి మేడ కింది భాగాన్ని బాగు చేయించి, జోసెఫ్ అనే ఆయన ఫ్రెంచి రెస్టారెంటూ వైన్ బారూ పెట్టాడట. పాండిచ్చేరి హోటళ్ళలో వంట నేర్చుకుని వచ్చిన మనిషి. అక్కడికి మన వాళ్ళెవరూ రారత్తా అని ఆ పిల్లే ఫోన్లో టేబులు చెప్పి పెట్టింది.

ఆదివారం మధ్యాహ్నం ఆటో ఎక్కి, ఫ్రెంచి వైన్ బార్ దగ్గర దించమన్నాను. ఫ్రెంచి అన్నది ఆ అబ్బాయి చెవిన పడ్డట్టు లేదు. తిన్నగా తీసుకెళ్ళి ఒక వైన్సు షాపు ముందు ఆపాడు. క్యూలో ఉన్న మగవాళ్ళందరూ నన్ను చూసి, పాపం ఎంత కష్టమొచ్చిందో అన్నట్టు పక్కకు జరిగి దారి ఇచ్చారు. వాళ్ళలో ఒకడు నా పాత స్టూడెంటు, నమస్కారం కూడా పెట్టాడు. ఆటో అబ్బాయిని నాలుగు చీవాట్లు పెట్టి మళ్ళీ బయలుదేరాను. ఆ కోపంతోనే రెస్టారెంటులోకి అడుగు పెట్టాను.

చిన్న గది. నాలుగైదు టేబుళ్ళు, తెల్లటి గుడ్డలు. కిటికీల్లోంచి ఎండ పడుతోంది. మేము తప్ప ఎవరూ లేరు. మా టేబులు గోడవారగా ఉంది. ఆ గోడకు బిగించిన చెక్క సోఫాలో నేను కూర్చున్నాను, అన్నయ్య నాకు ఎదురుగా కుర్చీలో. నా వెనక గోడే ఉంది తప్ప మనిషి నిలబడే చోటు లేదు. పైన ఫ్యాను గానీ, పటం గానీ లేదు. తరువాత మళ్ళీ వెళ్ళి చూసి మరీ చెబుతున్నాను.

కూర్చోగానే అన్నయ్య కుడిచేతికి నాన్న కడియం కనిపించింది. కోటప్పకొండ తిరనాళ్ళలో కీళ్ళ నొప్పులకని కొనుక్కున్న లావుపాటి రాగి కడియం అది. నాన్న స్నానానికి కూడా తీసేవాడు కాదు. దాన్ని ఆ చేతికి చూసేసరికి నాకు ఒళ్ళు మండింది.

ఆ కడియం సంగతి కొంచెం చెప్పాలి. చిన్నప్పుడు అన్నం తింటూ నాకు పొలమారితే, నాన్న కుడిచేత్తో నా నడినెత్తిన రెండుసార్లు తట్టేవాడు. ఎవరో నా తల్లిని తలుచుకుంటున్నారు అనేవాడు. తట్టినప్పుడల్లా ఆ కడియం నా తల క్లిప్పుకు తగిలి టిక్కు టిక్కుమనేది. నేను లెక్చరర్‌నయ్యాక, పొలమారడమంటే మెతుకు శ్వాసనాళంలోకి పోవడమేనని, తలపులకూ దానికీ సంబంధం లేదని బొమ్మ గీసి చెప్పాను. బుద్ధిగా తల ఊపుతూ విన్నాడు. ఆ పూటే అన్నం దగ్గర నాకు దగ్గు వస్తే మళ్ళీ తట్టాడు.

జోసెఫ్ వచ్చి వైన్ల పేర్లు చెప్పబోయాడు. అన్నయ్య చెయ్యి అడ్డం పెట్టి, ఆడమనిషి ఉంది, అయ్యేం వద్దు అన్నాడు. నేను జన్మలో మందు ముట్టలేదు. అయినా ఆ మాట వినగానే నాకొక గ్లాసు ఎర్ర వైను తెమ్మన్నాను.

"ఏమే, మతి ఉండే చేస్తన్నావా?" అన్నాడు అన్నయ్య.

నాకు మతి బాగానే ఉందనీ, అడిగిందానికి జవాబు చెప్పమనీ అన్నాను.

ఉల్లిపాయల సూపు వచ్చింది. తరువాత వైనులో ఉడికించిన కోడి వచ్చింది. అన్నయ్య ఒక ముక్క నోట్లో పెట్టుకుని ముఖం చిట్లించాడు. పక్కన చిన్న గిన్నెలో గొడ్డుకారం కూడా పెట్టారు. అది లేకపోతే పేటలో ఎవరూ తినడం లేదని జోసెఫ్ నవ్వుతూ చెప్పాడు. మేమిద్దరం నవ్వలేదు. అన్నయ్య కారం అంతా ఆ కోడిమీద కుమ్మరించుకున్నాడు. నేను దాన్ని ముట్టలేదు. కారం వల్ల పొలమారిందని ఎవరైనా అంటారేమోనని చెబుతున్నాను.

అన్నయ్యకు ఫోర్కూ కత్తీ పట్టుకోవడం రాదు. చేత్తో తింటే నా ముందు చులకనవుతాననుకున్నాడో ఏమో, రెండింటినీ రెండు పిడికిళ్ళతో కొడవలి పట్టినట్టు పట్టి కోస్తున్నాడు. కత్తి కుడిచేతిలో ఉంది. కడియం ఆ చేతికే ఉంది. తల ఎత్తకుండా సంవత్సరీకం గురించి, వచ్చే బంధువుల గురించి చెప్పుకుపోతున్నాడు. నాన్న నన్ను అడిగాడా లేదా అని మళ్ళీ అడిగాను.

"చెప్పాగా. అడగలా."

అబద్ధమని ఆ గొంతే చెబుతోంది. కోపంతో గ్లాసెత్తి పెద్ద గుక్క వేశాను. పులుపూ వగరూ కలిసి గొంతుకు అడ్డం పడింది. పొలమారింది. మామూలుగా కాదు, ఊపిరి ఆడలేదు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. టేబులు అంచు పట్టుకుని వంగాను.

అప్పుడు నా నడినెత్తిన ఒక చెయ్యి రెండుసార్లు తట్టింది. బరువైన అరచెయ్యి. నా క్లిప్పుకు తగిలి టిక్కు టిక్కుమని చప్పుడైంది. గొంతు తెరుచుకుని ఊపిరి వచ్చింది.

తల ఎత్తి చూశాను. అన్నయ్య నా ఎదురుగానే ఉన్నాడు. ఫోర్కు ఎడమ పిడికిట్లో, కత్తి కుడి పిడికిట్లో అలాగే ఉన్నాయి. రెండు చేతులూ టేబులు మీదే ఉన్నాయి. జోసెఫ్ గది అవతల కౌంటరు వెనక గ్లాసులు తుడుస్తున్నాడు. అన్నయ్య నా ముఖం చూడడం లేదు. నా తలకు కొంచెం పైన చూస్తున్నాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"నీ జుట్టు అణిగింది" అన్నాడు. కొంచెం ఆగి, "రెండుసార్లు అణిగిందే" అన్నాడు.

కత్తి కింద పెట్టాడు. ఏడాదిగా దాచిందంతా అప్పుడు బయటికి వచ్చింది. చివరి రోజుల్లో నాన్నకు నీళ్ళు కూడా దిగేవి కావట. గుక్క గుక్కకూ పొలమారేదట. పొలమారినప్పుడల్లా, నా తల్లి తలుచుకుంటంది, పిలిపించరా అనేవాడట. ఒకసారి కాదు, చానాసార్లు. అన్నయ్య పిలిపించలేదు.

ఎందుకని అడిగాను.

"నీళ్ళు తాపేది నేను. దొడ్డికి ఎత్తుకుపోయేది నేను. పొలమారితే నెత్తిన తట్టేది నేను. పేరేమో నీది" అన్నాడు. "ఒక్కసారన్నా ఒరేయ్ కోటిగా, నువ్వు తలుచుకుంటన్నావా అని అడగలా."

నేను ఆ మనిషిని క్షమించలేదు. ఇప్పటికీ క్షమించలేదు. మా నాన్న నన్ను పిలుస్తుంటే వినీ విననట్టు ఊరుకున్నాడు. ఆ మాటే మొహం మీద అన్నాను, ఇంకా చాలా అన్నాను. ఇక్కడ రాయదగిన మాటలు కావవి.

ఆయన చెయ్యి చాపి నా గ్లాసు లాక్కున్నాడు. మిగిలిన వైనంతా ఒక్క గుక్కలో గొంతులో పోసుకున్నాడు. కావాలనే చేశాడని చూస్తుంటేనే తెలుస్తోంది. గట్టిగా పొలమారింది. దగ్గుతూ, తల వంచి, అలాగే ఉండిపోయాడు. నెరిసిన నడినెత్తి నాకు కనిపిస్తోంది. ఆయన దేనికోసం ఆగాడో నాకు అర్థమైంది.

ఏమీ జరగలేదు. జుట్టు కదల్లేదు. చప్పుడు రాలేదు. నేను చెయ్యి చాపితే అందే దూరమే. చాపలేదు. చివరికి జోసెఫ్ పరుగెత్తుకొచ్చి వీపు నిమిరి మంచినీళ్ళు ఇచ్చాడు.

అన్నయ్య కళ్ళు తుడుచుకుని నా వైపు చూశాడు. ఆ చూపులో అంతకుముందు లేనంత పగ ఉంది.

"చచ్చి కూడా నిన్నే తట్టాడు" అని లేచి వెళ్ళిపోయాడు.

నేను అక్కడే కూర్చుని, బుద్ధి స్థిమితపడ్డాక జోసెఫ్‌ను పిలిచాను. జరిగింది చెప్పకుండా, నాకు దగ్గు వచ్చినప్పుడు ఏమైనా విన్నావా అని అడిగాను. ఏదో లోహం తగిలినట్టు టిక్కు టిక్కుమంది మేడం, ఫోర్కు పడిందేమో అనుకున్నాను అన్నాడు. ఫోర్కులేవీ పడలేదు.

నిజం చెబితే వస్తానన్నాను కాబట్టి సంవత్సరీకానికి వెళ్ళాను. నీళ్ళ సీసా ఇంటి నుంచే పట్టుకుపోయాను. అది చూసి వదిన మూతి ముడిచింది. పందిట్లో ఒక పక్కన కూర్చున్నాను. ఎదుటి పార్టీ వాళ్ళు కూడా వచ్చి చూసి పోయారు. అన్నయ్యకు కావాల్సింది అయింది.

భోజనాల్లో, బంతిలో కూర్చున్న అన్నయ్యకు పొలమారింది. ఈసారి కావాలని తెచ్చుకున్నది కాదు, నిజంగానే. పక్కనున్న పెద్దాయన ఎవరో తలుచుకుంటన్నారయ్యా అన్నాడు. వదిన పరుగున వచ్చి నెత్తిన తట్టింది. అన్నయ్య తల పైకెత్తి, తట్టింది ఎవరో చూశాడు. వదిన చెయ్యి కనిపించగానే ముఖం దించేసుకున్నాడు. అప్పటిదాకా నేను ఆ మనిషి మీద జాలిపడలేదు. ఆ క్షణం పడ్డాను, అది నాకు నచ్చలేదు.

నేను బయలుదేరేటప్పుడు అన్నయ్య కడియం తీసి నా సీసా పక్కన పెట్టి, నీదే, పట్టుకుపో అన్నాడు. మళ్ళీ మేము మాట్లాడుకోలేదు.

ఇంటికొచ్చాక, చదువుకున్న బుద్ధి కదా, ప్రయోగం చేశాను. ఆ రోజు పెట్టుకున్న స్టీలు క్లిప్పే పెట్టుకుని, ముందు నా గాజుతో తట్టి చూశాను. చెంచాతో కొట్టి చూశాను. గదిలో పిన్నీసు నుంచి తాళాల గుత్తి దాకా ఏదీ వదల్లేదు. ఆ చప్పుడు రాలేదు. చివరికి కడియం తొడుక్కుని నడినెత్తిన తట్టుకున్నాను. టిక్కుమంది. అదే చప్పుడు.

కానీ ఆ మధ్యాహ్నం ఆ కడియం, కత్తి పట్టుకున్న అన్నయ్య చేతికి ఉంది. నా కళ్ళ ముందే, తెల్లటి గుడ్డ మీద ఉంది. గొంతు పట్టేసినప్పుడు మెదడు ఏవేవో కల్పిస్తుందని పాఠంలా చెప్పగలను. మరి అన్నయ్య చూసిందేమిటి? జోసెఫ్ విన్నదేమిటి?

ఇంకొకటి కూడా నాకు అంతుపట్టలేదు. అంత దూరం వచ్చినవాడికి టేబులు అవతలివైపు ఎంత దూరం? ఆ ఒక్కసారి అన్నయ్య నెత్తిన కూడా తట్టి ఉంటే మా ఇద్దరి పగ ఆ టేబులు దగ్గరే తీరిపోయేది. ఎందుకు తట్టలేదో నాన్నకే తెలియాలి.