ఎనభై మూడు మార్కులు కాదు

మా బావ వాల్యూము తిప్పుతుంటే నా స్పీకరు కాలిపోబోతోందని నాకు తెలుసు. ప్లగ్గు నా కాలి పక్కనే ఉంది. వంగి లాగేస్తే సరిపోయేది. లాగలేదు. మొహమాటం వల్లే లాగలేదని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను గాని, అది అబద్ధం. కాలితే కాలనీ, అప్పుడైనా ఈయనకి బుద్ధొస్తుంది అనుకున్నాను. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. డైరీలో కూడా వేరేగా రాసుకున్నాను.

పుస్తకాలు కాకుండా మా ఇంట్లో నావి అని చెప్పుకోగలిగినవి ఆ రెండు స్పీకర్లే. గరివిడిలో ఫ్యాక్టరీ ఎలక్ట్రీషియన్‌గా పనిచేసిన మా మేనమామ, రిటైరై చిన్న ఇంటికి మారుతూ నాకిచ్చాడు. చిన్నప్పుడు సెలవులకి వెళ్తే, ఆయన వాటిలో వయొలిన్ వింటున్నంతసేపూ కదలకుండా కూర్చున్నది నేనొక్కదాన్నేనట. మూరెడు ఎత్తు చెక్కపెట్టెలు. ఒకదాన్ని చంకనెత్తుకుంటే భుజం లాగేస్తుంది. వాటికి బలమిచ్చే ఆయన యాంప్లిఫయరు అప్పటికే పాడైపోయింది. "సరైన యాంప్లి దొరికినదాకా ఈటి జోలికి ఎల్లకమ్మా" అని మరీ మరీ చెప్పాడు.

పెట్టె వెనక చిన్న రేకు మీద రాసి ఉంది: సెన్సిటివిటీ ఎనభై మూడు డెసిబెల్స్. దాని అర్థం చదివి తెలుసుకున్నాను. ఒక్క వాటు శక్తి ఇస్తే మీటరు దూరంలో ఎంత శబ్దం వినిపిస్తుందో చెప్పే అంకె అది. ఎనభై మూడంటే బాగా తక్కువ. పెట్టె మొండిదన్నమాట, బలంగా తోస్తే తప్ప పలకదు. పండగలకి స్తంభాల మీద కట్టే హారన్లకి నూట మూడు దాకా ఉంటుంది. మధ్యలో తేడా ఇరవై. ప్రతి మూడుకీ బలం రెట్టింపు చేసుకుంటూ పోతే, హారను ఒక్క వాటుతో చేసే మోతకి నా పెట్టెలకి వంద వాట్లు కావాలి. నమ్మలేక ఆ లెక్క రెండుసార్లు వేశాను.

బావ అంటే మా అక్క భర్త. రాజాంలో సౌండు సర్వీసు కొట్టు. పెళ్లిళ్లకీ మీటింగులకీ అమ్మవారి పండగలకీ మైకులు కడతాడు. ఆ పనిలో దిట్టే, కాదనను. కాని ఆయనకి తెలిసినవల్లా హారన్లూ, కొంచెం కరెంటుకే ఊరంతా వినపడేలా అరిచే పెద్ద బాక్సులూ. ఇంట్లో వినే పెట్టెల సంగతి ఆయనకి తెలీదు. తెలీదన్న సంగతీ తెలీదు.

ఒక ఆదివారం పొద్దున్న, అరచేతిలో ఇమిడే యాంప్లిఫయరు పట్టుకుని అక్కతో మా ఇంటికి వచ్చాడు. పెట్టె తిప్పి రేకు చదివాడు.

"ఎనభై మూడా! ఓలమ్మో, ఫస్టు క్లాసే! శానా సెన్సిటివ్ ఇది, అచ్చం నీలాగే. గట్టిగా మాటాడితే ఏడిసేస్తాది."

అక్క నవ్వింది. అమ్మ కూడా నవ్వింది.

వందకి ఎనభై మూడు మార్కులనుకున్నాడు! ఊరికే నొచ్చుకునే మనిషిని సెన్సిటివ్ అంటారు కదా, ఈ పెట్టె కూడా అంతే, కాస్త కరెంటు పెడితే చాలనుకున్నాడు.

"బావా, అది చాలదు," అన్నాను. నా గొంతు నాకే సరిగ్గా వినపడలేదు.

"ఏటి సాలదు?"

"వాట్లు."

"వాట్లంట! ఒసే, నీ సెల్లి ఇంజినీరైపోనాదే!" అని అక్కతో అని, నా వైపు తిరిగాడు. "పిల్ల పెట్టికి పిల్ల యాంప్లి. ఇరవై ఏళ్లనుంచి మైకులు కడతన్నాను, నాకు సెప్తావేటి? ఎల్లి టీ అట్టుకురా."

వెళ్లి టీ పెట్టి తెచ్చాను. ఆ టీ గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

వయొలిన్ మొదలైంది. పక్కింట్లోంచి వస్తున్నట్టుంది. "ఇదేటి, మూలుగుతున్నాది," అంటూ తిప్పాడు. ఇంకా తిప్పాడు. చివరిదాకా తిప్పాడు. కమాను బదులు రంపంతో వాయిస్తున్నట్టు మారిపోయింది పాట. చిన్న యాంప్లిఫయరుని శక్తికి మించి అరిపిస్తే శబ్దపు అలల తలలు తెగిపోతాయని, సన్నటి స్వరాలు పలికే ట్వీటరు ఆ దెబ్బకి వేడెక్కి కాలిపోతుందని నేను చదివాను. ప్లగ్గు వైపు చూశాను. బావ వైపు చూశాను. ముందు కమురు వాసన వచ్చింది. తరవాత కుడిపక్క పెట్టె గొంతు బొంగురుపోయింది.

ఆయనకి బుద్ధొచ్చిందా? "పాత సరుకు. మీ మావ పాడైపోనవి నీకు అంటగట్టినాడు," అన్నాడు. అంతే. తప్పు పెట్టెది, దాన్నిచ్చిన మావయ్యది. నాకున్న ఒక్క వస్తువునీ పందెం ఒడ్డి పోగొట్టుకున్నాను. పందెం ఉందన్న సంగతే ఆయనకి తెలీదు.

మర్నాడు అక్క ఫోను చేస్తే వెనకనుంచి ఆయనే అరిచాడు. "రెండూ కొట్టుకి పంపీమను! ఆ ట్వీటర్లు పీకేసి నా కాడున్నవి బిగించేస్తాను, మోత సూడండి మరి!"

ఆ మోత ట్వీటర్లు బిగిస్తే ఇక అవి మావయ్య విన్న పెట్టెలు కావు. బాగున్న పెట్టెని నా మంచం కిందికి తోసి, కాలినదాన్ని దుప్పట్లో చుట్టుకుని ఆ మధ్యాహ్నమే విశాఖ బస్సెక్కాను. కొత్తవాళ్లని టైమడగడానికే జంకేదాన్ని, పైన పెట్టమన్న కండక్టరుతో పోట్లాడి దాన్ని కాళ్ల దగ్గరే పెట్టుకున్నాను. అక్కడ పాత స్పీకర్లు బాగుచేసే ఆయన మూత విప్పి, నల్లబడ్డ తీగచుట్ట చూసి, "ఎవులమ్మా దీనికి బుల్లి యాంప్లి తగిలించినారు?" అన్నాడు. చూడగానే చెప్పేశాడు! కళ్లలో నీళ్లు తిరిగాయి. అది ఏడుపు కాదు.

వారానికి కొత్త చుట్ట వేసి ఇచ్చాడు. మళ్లీ వెళ్లి దాన్ని తీసుకుని, రాజాంలో బస్సు దిగి నేరుగా బావ కొట్టుకి వెళ్లాను. అటక మీద ఫంక్షన్లకి వాడే పెద్ద యాంప్లిఫయరు ఒకటి ఊరికే పడి ఉంది. అది కావాలన్నాను.

"ఏటే, పెళ్లేటి?"

"నా పెట్టెలకి."

"పేలిపోతాయే!"

"పేలితే నావే కదా."

తమాషా చూడ్డానికని అక్కని వెంటబెట్టుకుని ఆయనే దాన్ని మా ఇంటికి మోసుకొచ్చాడు. తీగలు నేను కలిపాను. ఆయన చెయ్యి ముందుకొస్తే, "ముట్టుకోకు బావా," అన్నాను. ఈసారి ఇంట్లో అందరికీ వినపడింది. వాల్యూము మెల్లగా పెంచాను. పావు దూరం కూడా తిప్పలేదు, వయొలిన్ గది నిండా వచ్చేసింది. గరివిడిలో విన్నదే, తేడా లేదు. అక్క వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడింది. అమ్మ చేతిలో చాట పక్కన పెట్టింది.

నేను బావ మొహమే చూస్తున్నాను. తప్పైపోయిందని అనక్కర్లేదు, ఊరికే అవునన్నా చాలు. ఆయన యాంప్లిఫయరు మీద చెయ్యివేసి నిమిరాడు. అక్క వైపు చూసి నవ్వి, నా వైపు తిరిగాడు.

"సూసావేటే మరదలా? మన యాంప్లి పెడితే ఇలగుంటాది. మొదట్నుంచీ నాను సెప్తన్నది ఇదే."