వెనక్కి రాని తమ్ముడు

మేం పనికోసం వలసొచ్చిన గోడాదరాలో మా మగ్గాల పనివాళ్ల ఫుట్‌బాల్ జట్టుకు గోల్‌కీపర్ని నేనే. గోల్స్ కొట్టేది మాత్రం మా కార్ఖానాలోనే పనిచేసే ఒక తమ్ముడు. ఆట మొత్తం అవతలి గోల్ ముందే నిలబడతాడు. బంతి వస్తే కొడతాడు, లోపలికి పోతుంది. రాకపోతే నడుం మీద చేతులేసుకుని గాలి పీలుస్తాడు.

మిగతావాళ్లు బంతిని వాడివైపు తన్నేసి, పెళ్లికొచ్చిన చుట్టాల్లా నిలబడి చూసేవాళ్లు. అవతలివాళ్లు దాన్ని లాక్కుని నా మీదికొస్తుంటే మధ్యలో పలకరించే దిక్కుండదు. వాడు మూడు కొడితే నాకు నాలుగు పడేవి. ఓడినా శభాష్‌లు వాడికి, తిట్లు నాకు. ఒళ్లు మండేది.

అదే నగరంలోని కతర్‌గామ్ వజ్రాల పనివాళ్లతో ఆటకు ముందు మా జట్టు పెద్ద, మెస్ నడిపే మామ తేల్చేశాడు. "ఇయ్యాల గిన ఓడితే గోల్ల వేరేటోన్ని పెడ్త. ఏమనుకోకు."

నేను గ్లవ్స్ తీసి తమ్ముడి చేతిలో పెట్టాను. "నువ్వే నిలవడు తమ్మీ. నేను ముందలికి పోత. ఏందో నీ గొప్ప, జర నేను గూడ జూస్త."

మామ తల పట్టుకున్నాడు. మొదటి బంతికే నేను గాలిని తన్ని కూలబడ్డాను. వీడు కొట్టేదీ లేదు చచ్చేదీ లేదని అందరికీ అర్థమైపోయింది. ఇక ఎవరికి వాళ్లు పరుగెత్తడం మొదలుపెట్టారు. ముందుకు పోయారు, వెనక్కి వచ్చారు. నేను నడుం మీద చేతులేసుకున్నాను. నిజం చెప్పాలంటే అక్కడ గాలి బాగుంటుంది.

"అన్నా, జర ఎన్కకు రా!" అని తమ్ముడి కేక. మగ్గాల మోతలో బతికే మాకు అంతమాత్రం చెవుడు మామూలే.

అలా పరుగెత్తినవాళ్లలో ఒకడు గోల్ కొట్టాడు, ఒకటి సున్నాతో గెలిచాం. మామ నన్ను కావలించుకున్నాడు. "నీ మీద ఎవ్వనికి నమ్మకం లేదు, గందుకే అందరు ఉరికిన్రు. ఇగ నువ్వే ముందలుండు అల్లుడా!"

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. గోల్‌లో నా చోటు పోయినట్టే. ఇంతలో తమ్ముడు వచ్చి గ్లవ్స్ నా చేతిలో పెట్టాడు. "ఇవి నీయే అన్నా. ఆడ మస్తు భయమైతది. అందరు మన మీదికే వస్తరు, మనోడు ఒక్కడు కనవడడు. వచ్చే వారం నేను గూడ ఎన్కకు వస్త."

ఇన్నేళ్లూ నేను మొత్తుకుంది అదే. మామ సరేనన్నాడు. నేను గ్లవ్స్ చంకలో పెట్టుకున్నాను.

తర్వాతి ఆదివారం వాడు మాట నిలబెట్టుకున్నాడు. అవతలివాళ్లు నా మీదికొస్తుంటే మైదానమంతా పరుగెత్తి, వాళ్లకంటే ముందే నా గోల్ దగ్గరికొచ్చి బంతి అందుకున్నాడు. కాలి దగ్గర బంతి, కళ్లముందు గోల్. వాడికి ఇంకేం తోస్తుంది? కొట్టాడు. లోపలికి పోయింది. కంచే చేను మేసింది.

అలవాటుగా రెండు చేతులూ పైకెత్తి, అప్పుడు నా మొహం చూశాడు.

"వచ్చినవ్ గద తమ్మీ, గది చాలు" అని భుజం తట్టాను. వెంటనే మామవైపు తిరిగి గొంతు చించుకున్నాను.

"మామా, గిది నా ఖాతల రాయకు!"