మాతృభాషకు టిక్కు పెట్టి రాయగడ వెళ్ళాం

మా అబ్బాయి అప్పలరాజు ఒడిశాలోని దామంజోడిలో మా తెలుగువాళ్ళ సంఘానికి కార్యదర్శి. ప్రతి ఉగాదికీ కాలనీ క్లబ్బులో మైకు పట్టుకుని, తల్లిభాషను మరిచినవాడు తల్లిని మరిచినట్టే అంటాడు. ముందు వరసలో కూర్చున్న తల్లిని నేనే కాబట్టి జనం నా వైపు చూసి చప్పట్లు కొడతారు. వాడి చేతిలో ప్రసంగం కాగితం ఉంటుంది. అందులో మాటలన్నీ తెలుగే, అక్షరం మాత్రం ఒక్కటీ తెలుగు కాదు. వాడు చదివింది ఒడియా బడిలో. తెలుగు ప్రసంగాన్ని ఒడియా అక్షరాల్లో రాసుకుని చదువుతాడు. మా వాళ్ళలో ఇదేం వింత కాదు. అధ్యక్షుడు గారైతే ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుంటాడు.

ఈ కార్యదర్శి గారే కూతురి యూనివర్సిటీ ప్రవేశ పరీక్షకు దరఖాస్తు నింపాడు. ప్రశ్నలు ఏ భాషలో కావాలని కంప్యూటరు అడిగిందట. వీడు ఛాతీ పొంగించి తెలుగుకు టిక్కు పెట్టాడు. పిల్ల ఒకటో తరగతి నుంచి చదివింది ఒడియాలో. ఇంట్లో తెలుగు గలగలా మాట్లాడుతుంది గాని 'అ' ఎటు తిరుగుతుందో ఎరగదు. ఈ సంగతి అడ్మిట్ కార్డు వచ్చేదాకా ఇంట్లో ఏ ఒక్కరికీ తట్టలేదు. వచ్చేసరికి భాష మార్చుకునే గడువు దాటిపోయింది. తెలుగు ప్రశ్న పక్కనే ఇంగ్లీషులోనూ కనిపిస్తుందన్నారు. మా పిల్ల ఇంగ్లీషు కూడా నా మోకాళ్ళలాంటిదే, మెట్లెక్కమంటే మొరాయిస్తుంది.

పిల్ల పేరు లిప్సా. తెలుగు సంఘం కార్యదర్శి కూతురికి ఒడియా పేరేమిటని నన్నడక్కండి. నాకా పేరు పలకడమే రాదు, రాయడం అంతకన్నా రాదు. అందుకే అమ్మి అని పిలుస్తాను. మనుషుల ఆచారాలూ గూడేల సంగతులూ చదివే కోర్సు ఒకటి ఉందట, దానికి కోరాపుట్ యూనివర్సిటీలో సీటు కావాలంటుంది. రాకపోతే విజయనగరంలో నర్సింగులో చేర్చడానికి వాళ్ళ నాన్న మాట్లాడి పెట్టేశాడు. రక్తం చూస్తే కళ్ళు తిరిగే పిల్ల అది.

ఇంట్లో తెలుగు అక్షరం చదవగలిగేదాన్ని నేనొక్కదాన్నే. అదైనా గొప్పగా కాదు. కోరాపుట్ మునిసిపాలిటీలో చీపురు పట్టి వీధులూడ్చినదాన్ని. యాభై దాటాక పక్కింటి గార్డు గారి భార్య అప్పడాలు వత్తుతూ పీట మీద పిండి పరిచి, దాని మీద వేలితో రాసి నేర్పింది. పత్రిక చదువుతాను, అయితే కింద ఒత్తు ఉన్న అక్షరం వచ్చిన చోట దాటేస్తాను. కథ ఎలాగూ తెలిసిపోతుంది. ఇలాంటి పంతులమ్మ చేతిలో పడింది పిల్ల. వారం రోజులు వంటింట్లో గోధుమపిండి వృథా చేశాం. కోడలు పళ్ళు నూరింది. కార్యదర్శి గారికి డ్యూటీ ఉండటం వల్ల పరీక్షకు తోడు కూడా నేనే వెళ్ళాల్సి వచ్చింది.

పరీక్షకు ముందు రోజు బయల్దేరాం. దామంజోడి స్టేషను కాలనీకి దూరం, స్కూటరు మీద వాడే దింపాడు. ఎనిమిదిన్నరకు రావలసిన రైలు తొమ్మిదింపావుకు వచ్చింది. ఈ లైనులో అది ఆలస్యం కిందికి రాదు. జనరల్ టికెట్టు చాలు, పెట్టె ఖాళీగానే ఉంటుంది. కిటికీ పక్కన కూర్చోండి, కొండలు, లోయలు, వాగులు కనిపిస్తాయి. మా అమ్మి వాటిలో ఒక్కటీ చూడలేదు. నేను చూడనివ్వలేదు.

మా ఎదుట కోరాపుట్ నుంచి వస్తున్న తండ్రీ కొడుకులు కూర్చున్నారు. తండ్రి పేరు సింహాచలం, బట్టల కొట్టు. కొడుకుదీ అదే పరీక్ష. చెవుల్లో తీగలు పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు.

"మావోడు రెండేళ్ళు వైజాగులో కోచింగండి," అన్నాడు సింహాచలం. "మీ పిల్లకెక్కడ?"

"వంటింట్లో," అన్నాను.

ఆయన మా అమ్మి ఒళ్ళో ఉన్న పెద్దబాలశిక్షలోకి తొంగి చూశాడు. "ఓలమ్మో! రేపు పరీచ్చెట్టుకుని ఇయ్యాల గుణింతాలేటండి?"

"మీవోడికి రెండేళ్ళు పట్టింది. మాకు రెండేళ్ళు నేవు. అందుకే గుణింతాల కాడే ఉన్నాం."

మనిషి చెడ్డవాడు కాదు. జంతికలు పెట్టాడు. పెడుతూ కోచింగుకు ఎంత పోశాడో కూడా చెప్పాడు, జంతిక గొంతులో అడ్డం పడింది.

కాకిరిగుమ్మ స్టేషనులో ఒక దేశియా ఆవిడ, ఇక్కడి కొండల మనిషి, విస్తళ్ళు కుట్టే అడ్డాకుల మోపుతో ఎక్కింది. మోపు మీద కూర్చుని మా చదువు కాసేపు విని, తన భాషలో ఏదో అడిగింది. అమ్మి ఒడియాలో చెప్పింది, పరీక్షకు వెళ్తున్నామని. ఆవిడ నన్ను చూపించి మళ్ళీ ఏదో అంది. అమ్మి పడీ పడీ నవ్వింది.

"ఏటంతందే?"

"పరీచ్చ ముసల్దానికా అని అడుగుతంది నానమ్మా."

ఈ లైనులో సొరంగాలు మెండు. లక్ష్మీపూర్ దాటాక ఒకదాని వెనుక ఒకటి వస్తాయి. మా పెట్టెలో లైట్లు వెలగలేదు. మొదటి సొరంగంలో అమ్మి పుస్తకం మూసేసింది.

"సీకట్లో ఏటి సదువుతాం? ఒగ్గెయ్యి నానమ్మా."

"సెయ్యి ఇలాగియ్యి," అన్నాను.

దాని అరచేతిలో వేలితో 'ఘ' రాశాను. పిండి అలవాటు నాకు, కంటితో కాదు వేలితోనే అక్షరం తెలుస్తుంది. రైలు చప్పుడుకు మాట వినపడదని అది నా చెవిలో అరిచింది, "ఘ!" తర్వాత 'థ' రాస్తే 'ధ' అంది. మళ్ళీ రాశాను. సొరంగం అయిపోయేసరికి తండ్రీ కొడుకులు మా ఇద్దరినీ చూస్తున్నారు. కొడుకు చెవిలోంచి తీగ కూడా తీశాడు.

ఇంకో సొరంగంలో అది అడిగింది. "నా పేరు రాయి."

"ముందు టికిరి స్టేషను రానీ."

టికిరి వచ్చింది, వెళ్ళింది. మళ్ళీ అడిగింది. "అలాటి పేరు పరీచ్చలో రాదు," అన్నాను. వీధులూడ్చినంత కాలమూ నేను మూలలు వదల్లేదు. చదువులో మాత్రం మూలలన్నీ వదిలేశాను, ఆ పేరు అలాంటి మూలలో పడింది.

పన్నెండున్నర దాటాక రాయగడ చేరాం. స్టేషను ఎదురు సందులో లాడ్జి ఉంది. మేనేజరు పార్వతీపురం వాడు, ఆధారు చూసి గది ఇచ్చాడు. నీళ్ళు వస్తాయి, ఫ్యాను తిరుగుతుంది, నల్లులు నాకైతే కనిపించలేదు. పక్కనే ఆంధ్రా భోజనం మెస్సు. పప్పు చిక్కగా ఉంటుంది, సాంబారు మాత్రం అడగకండి. ఊళ్ళో తెలుగు బోర్డులు బాగానే ఉన్నాయి. అమ్మి ప్రతిదాని ముందూ ఆగి కూడబలుక్కుంది. 'శ్రీ' దగ్గర మాత్రం గోడకు వేలాడే గబ్బిలంలా ఉందని తిట్టింది.

సాయంత్రం మజ్జిగౌరమ్మ గుడికి వెళ్ళాం. కోడలు మరీ మరీ చెప్పింది కాబట్టి. మర్నాటి పరీక్ష పిల్లలందరూ తల్లిదండ్రులతో అక్కడే ఉన్నారు. పూజకు పెన్నులు తెచ్చారు. పరీక్ష కంప్యూటరు మీద, లోపలికి పెన్ను రానివ్వరని అడ్మిట్ కార్డులో రాసి ఉంది. అయినా పూజ పెన్నుకే. ఒక్క సింహాచలం మాత్రం కాలానికి తగ్గ మనిషి. పసుపు గుడ్డలోంచి కంప్యూటరు మౌసు తీసి పూజారి చేతికిచ్చాడు. పూజారి దాన్ని తోక పట్టుకుని ఎత్తి చూశాడు. బొట్టు ఎక్కడ పెట్టాలో తెలీక రెండు బటన్ల మీదా పెట్టాడు.

"ఇది కూడా లోపలికి రానివ్వరు గదండీ," అన్నాను.

"రానివ్వరు గానీ, మౌసులన్నీ ఒకే జాతి గదండీ," అన్నాడు సింహాచలం. ఇంత తెలివి ఉన్న వాడికి కోచింగు అనవసరం అనిపించింది.

మర్నాడు ఆరింటికే ఆటో ఎక్కాం. పరీక్ష కేంద్రం ఊరి బయట ఒక కాలేజీ. గేటు దగ్గర గాజులు, పట్టీలు, మెడలో తాడు అన్నీ తీయించారు. పిల్లలు లోపలికి పోయారు, బయట మేం మిగిలాం. అసలు పరీక్ష అక్కడే జరిగిందనుకోండి. ఏ ఊళ్ళో ఏ కాలేజీ, ఎవరి పిల్లకు ఎక్కడ సీటు, ఎవరు ఎలా ఏడ్చారు, అన్నిటికీ జవాబులు తల్లిదండ్రుల దగ్గరే ఉన్నాయి. లోపల ఉన్నది వాళ్ళ పిల్లలు కారు, వాళ్ళే. ఒకావిడ గేటు వైపు తిరిగి మూడు గంటలూ పెదవులు కదుపుతూనే ఉంది. ఒకాయన మా పిల్ల ఏ కోచింగని అడిగాడు. సొరంగం అన్నాను. అదెక్కడ, భువనేశ్వర్‌లోనా అన్నాడు.

నవ్వాను గాని నాకూ లోపల బాగాలేదు. ఆ పిల్ల ఏడాదంతా ఒడియాలో చదివినది చదివినట్టు అప్పజెప్పేది. ఇవాళ అదంతా తలలోనే ఉండి, ప్రశ్న అర్థం కాక చేతులు ముడుచుకుని కూర్చుంటే? సంతకు మోసుకెళ్ళిన మూట విప్పకుండానే వెనక్కి తెచ్చినట్టు. నాకీ అక్షరాలు ఎందుకొచ్చాయా అనుకున్నాను. నాకు రాకపోయి ఉంటే అందరం కలిసి కార్యదర్శి గారిని పట్టుకుని ఉందుము, వాడు పరుగులు పెట్టి వేరే దారి ఏదో చూసి ఉండేవాడు. ముసలమ్మ ఉంది గదాని ధీమాగా డ్యూటీకి పోయాడు.

పన్నెండు దాటాక పిల్లలు వచ్చారు. మా అమ్మి చెప్పులు చేత్తో పట్టుకుని చివర్లో వచ్చింది. ముఖం చూస్తే ఏమీ తెలియలేదు.

"ఏటే, సెప్పు."

"ఆ తెలుగు నీకూ రాదు నానమ్మా."

"అంటే?"

"అది మనూళ్ళోదీ కాదు, టీవీలోదీ కాదు. మరేటో తెలుగు. ఒక్క ముక్కా మనం మాటాడుకునేది నేదు. మొదటి పదీ గుడ్డిగా నొక్కేసేను. ఏడుపొచ్చేసింది. తరవాత ఇంగ్లీషు కాస్త, తెలుగు కాస్త సూసేను. పేర్లూ ఊర్లూ తెలుగులో పోల్చుకుని, మిగతాది ఇంగ్లీషులో పట్టుకున్నాను."

"ఎన్నొచ్చినట్టు?"

"సగం పైన తెలిసే సేసేను. సీటుకి సాల్తాదో సాలదో నాకేం తెలుస్తాది?"

సింహాచలం కొడుకు పేపరు తేలికన్నాడు. ఆ మాట పరీక్ష రాసిన ప్రతివాడూ అంటాడు, ఫలితం వచ్చేదాకా.

రెండు గంటల రైలు రెండున్నరకు దొరికింది. వెళ్ళేటప్పుడు చూడని కొండలు వచ్చేటప్పుడు చూసుకోవచ్చనుకున్నాను గాని అమ్మి నా భుజం మీద నిద్రపోయింది, కదిలితే లేస్తుందని అటే చూడలేదు. సొరంగాలన్నీ ఊరికే గడిచిపోయాయి. లక్ష్మీపూర్ దగ్గర ఫోను మోగింది. కార్యదర్శి గారు.

"అమ్మా, తెలుగులోనే రాసిందా?"

"తెలుగులో ఏడిసింది, ఇంగ్లీషులో రాసింది."

"ఏదైతేనేటి! ఈపాలి ఉగాదికి దానికి సన్మానం సేయిద్దామనుకుంటన్నాం. మాతృభాషలో పరీచ్చ రాసిన పిల్ల అని."

ఫోను అమ్మికి ఇవ్వలేదు. నిద్రపోతున్న పిల్లకు శాలువా ఎందుకు?

దామంజోడిలో దిగేసరికి ఇంకా ఎండ ఉంది. వాడు ప్లాట్‌ఫారం మీదే ఉన్నాడు, డ్యూటీ బట్టల్లో. అమ్మిని చూసి చేతులు చాచాడు. అది సంచి కింద పెట్టి వాడి కుడి అరచేయి పట్టుకుంది. వేలితో రాయడం మొదలుపెట్టింది. నేను పక్కనే నిలబడి వేలు చూశాను. ముందు ల, దానికి గుడి. తర్వాత ప, దాని కింద స ఒత్తు. నేను దాటేసే మూల అది. దీర్ఘం కూడా పెట్టింది. ఎక్కడ నేర్చుకుందో నాకు తెలీదు, నేనైతే నేర్పలేదు.

"ఏటి రాసేనో సెప్పు నాన్నా," అంది.

వాడు అరచేయి ఒకసారి చూసుకున్నాడు, నా వైపు ఒకసారి చూశాడు. నేను రైలు వైపు తిరిగాను.

"సక్కిలిగింతలెట్టకే," అన్నాడు. "పద, స్కూటరు బయటుంది."

అది చేయి వదల్లేదు. మళ్ళీ మొదటి నుంచి, ఈసారి నెమ్మదిగా రాయడం మొదలుపెట్టింది.